రేంజ్ రోవర్‌లో ఏ డీజిల్?

రెండున్నర కోట్లు పెట్టి బండి కొనేవాడికి పెట్రోలుకూ డీజిల్‌కూ మధ్య లీటరుకు పన్నెండు రూపాయల తేడాతో పనేముంది? పైకి చూస్తే ఏమీ లేదు. అయినా కొండలెక్కే ఖరీదైన బళ్ల దగ్గరికొచ్చేసరికి మన దేశంలోనూ, యూరప్‌లోనూ చాలాకాలం డీజిల్‌దే రాజ్యం. కొనేవాళ్ల తర్జనభర్జన అంతా ఆ తర్వాతే మొదలయ్యేది. వీ6 తీసుకోవాలా, వీ8 తీసుకోవాలా? ఇప్పుడైతే 300 హార్స్‌పవర్ చాలుతుందా, 350 కావాలా? పాత బండి చూసుకునేవాళ్లకు ఇంకో దిగులు: ఏ ఇంజిన్‌ను నమ్మొచ్చు?

ఈ ప్రశ్నలను తేల్చుకోవడానికి రేంజ్ రోవర్ మంచి ఉదాహరణ. 1986 నుంచి నేటి దాకా నాలుగు సిలిండర్లు, వరుస ఆరు, వీ6, వీ8 అన్నీ ఒకే పేరున్న బండిలోకి వచ్చాయి. ఇటలీ ఇంజిన్ వచ్చింది, జర్మనీది వచ్చింది, ఫోర్డ్‌ది వచ్చింది, చివరికి సొంతది వచ్చింది. వాటిని పక్కపక్కన పెట్టి చూస్తే ఒక సంగతి తేటపడుతుంది. ఇంజిన్ల మధ్య తేడా ఏళ్లు గడిచేకొద్దీ తగ్గుతూ వచ్చింది. వాడేవాళ్ల మధ్య తేడా మాత్రం అలాగే ఉంది. కాబట్టి ఏ డీజిల్ మంచిదన్న ప్రశ్నకు సగం జవాబు బానెట్ కిందుంటే, మిగతా సగం ఓనరు రోజూ ఎంత దూరం తిరుగుతాడన్నదాంట్లో ఉంది.

ఇటలీ నాలుగు, జర్మనీ ఆరు

1970 జూన్‌లో రేంజ్ రోవర్ మార్కెట్లోకి వచ్చినప్పుడు దానికున్నది 3.5 లీటర్ల పెట్రోల్ వీ8 ఒక్కటే. మెత్తగా నడిచేది, దండిగా తాగేది. 1973 చమురు సంక్షోభం తర్వాత యూరప్‌లో అలాంటి బండిని అమ్మడం కష్టమైంది. అదే వీ8ను డీజిల్‌గా మార్చాలని పెర్కిన్స్ సంస్థతో కలిసి ‘ఐస్‌బర్గ్’ పేరుతో ఒక ప్రయత్నం చేశారు. అది మధ్యలోనే ఆగిపోయింది. చివరికి 1986లో ఇటలీకి చెందిన వీఎం మోటోరి నుంచి 2.4 లీటర్ల టర్బో డీజిల్ తెచ్చి పెట్టారు. 112 హార్స్‌పవర్. ఒక్కో సిలిండర్‌కు విడివిడిగా హెడ్ ఉండటం దాని ప్రత్యేకత. డీజిల్ అంటే నత్తనడక అన్న అపవాదు పోగొట్టడానికి అదే ఏడాది ఒక బండిని ప్రత్యేకంగా తయారుచేసి, డీజిల్ వాహనాల వేగంలో 27 రికార్డులు కొట్టారు. రికార్డులు రికార్డులే. రెండు టన్నులకు కాస్త తక్కువ బరువున్న బండికి 112 హార్స్‌పవర్ ఏ మూలకు?

1992లో ల్యాండ్ రోవర్ కంపెనీ సొంతంగా చేసిన 200 టీడీఐ వచ్చింది. 111 హార్స్‌పవర్, 265 న్యూటన్ మీటర్ల టార్క్. అంకెల్లో పెరిగిందేమీ లేకపోయినా, ఇంధనాన్ని నేరుగా సిలిండర్‌లోకి చిమ్మే పద్ధతి వల్ల మైలేజీ మెరుగైంది. మరమ్మతు కూడా సులువు. ఊరి మెకానిక్ షెడ్డులో విప్పి బిగించగల చివరి రేంజ్ రోవర్ డీజిళ్లు ఇదీ, దీని తర్వాత వచ్చిన 300 టీడీఐయే అనుకోవచ్చు.

1994లో రెండో తరం రేంజ్ రోవర్ బీఎండబ్ల్యూ తయారీ 2.5 లీటర్ల వరుస ఆరు సిలిండర్ల డీజిల్‌తో వచ్చింది. 136 హార్స్‌పవర్, 270 న్యూటన్ మీటర్లు. నడకలో హుందాతనం వచ్చింది గానీ, రెండు టన్నులు దాటిన బండిని ఎత్తు ఎక్కించేటప్పుడు ఆయాసం బయటపడేది. 2002లో మూడో తరానికి బీఎండబ్ల్యూదే 3 లీటర్ల ఇంజిన్ ఇచ్చారు. 177 హార్స్‌పవర్, 390 న్యూటన్ మీటర్లు. నిర్మాణపరంగా చక్కటి ఇంజినే. కానీ ఈలోపు బండి బరువు ఇంకా పెరిగింది. ఇంజిన్ ఒక మెట్టెక్కితే బరువు రెండు మెట్లెక్కడం ఆ రోజుల కథ.

ఈ తొలి దశలో డీజిల్ తీసుకోవడమంటే రాజీపడటమే. పెట్రోల్ వీ8 హుందాతనం వదులుకుని, బంకు ఖర్చు మిగుల్చుకోవడం.

వీ8 వచ్చాక తిరిగిన కథ

ఆ రాజీకి 2006లో తెరపడింది. అప్పటికి ల్యాండ్ రోవర్ ఫోర్డ్ చేతిలో ఉంది. ఫోర్డ్, ఫ్రాన్స్‌కు చెందిన ప్యూజో-సిత్రోయెన్ కలిసి చేసిన వీ6 డీజిల్ కుటుంబం నుంచి 3.6 లీటర్ల వీ8ను తీశారు. లండన్ శివారులోని డాగెన్‌హామ్‌లో తయారయ్యేది. 272 హార్స్‌పవర్, 640 న్యూటన్ మీటర్లు. అంతకు ముందున్న డీజిల్‌తో పోలిస్తే టార్క్‌లో మూడింట రెండొంతుల పెరుగుదల. నాలుగేసి సిలిండర్ల ఒక్కో వరుసకు ఒక టర్బో. ఇక పెట్రోల్ బండి ఓనరు ముందు డీజిల్ ఓనరు తల దించుకోవాల్సిన పని లేకుండా పోయింది.

2010లో అది 4.4 లీటర్లకు పెరిగింది. 313 హార్స్‌పవర్, 700 న్యూటన్ మీటర్లు, కొత్తగా 8 గేర్ల ఆటోమేటిక్. ఇందులో టర్బోల అమరిక ముచ్చటైనది. రెండు టర్బోలూ అన్ని వేళలా కలిసి తిరగాల్సిన పనిలేదు. ఇంజిన్ నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు పొగ మొత్తాన్ని ఒకే టర్బోకు పంపిస్తారు. ఆ ఒక్కటే వేగం పుంజుకుని గాలిని గట్టిగా తోస్తుంది. ఇంజిన్ వేగం పెరిగాక రెండోది మేలుకుంటుంది. పెడల్ తొక్కిన తర్వాత పికప్ కోసం ఎదురుచూసే ఆ ఒక్క క్షణాన్ని, అంటే టర్బో ల్యాగ్‌ను, తగ్గించడానికే ఇదంతా. ఘాట్ రోడ్డులో మలుపు తిరిగి మళ్లీ ఎక్కుడు అందుకునే చోట ఈ తేడా పాదానికి తెలుస్తుంది.

2008లో టాటా మోటార్స్ ఫోర్డ్ నుంచి జాగ్వార్ ల్యాండ్ రోవర్‌ను కొంది. ఆ తర్వాత వచ్చిన పెద్ద మార్పు ఇంజిన్‌లో కంటే బాడీలోనే ఎక్కువ జరిగింది.

200 కిలోల ప్రశ్న: వీ6 లేక వీ8

2012లో వచ్చిన నాలుగో తరం రేంజ్ రోవర్ బాడీ పూర్తిగా అల్యూమినియం. 3 లీటర్ల వీ6 డీజిల్ పెట్టిన బండి, పాత తరం 4.4 వీ8 డీజిల్ బండి కంటే 420 కిలోల దాకా తేలికైంది. ఫలితం చూడండి. పాత వీ8 డీజిల్ సున్నా నుంచి వంద కిలోమీటర్ల వేగం 7.8 సెకన్లలో అందుకునేది. కొత్త వీ6 258 హార్స్‌పవర్, 600 న్యూటన్ మీటర్లతోనే 7.9 సెకన్లలో అందుకుంది. రెండు సిలిండర్లు, దాదాపు లీటరున్నర ఘనపరిమాణం తగ్గినా పరుగు తగ్గలేదు. డీజిల్ బళ్ల చరిత్రలో ఇంతకంటే స్పష్టమైన పాఠం ఇంకోటి లేదేమో. బరువు దించుకున్నవాడికి బలం దానంతటదే కలిసొస్తుంది.

అయినా వీ8ను ఆపలేదు. అదే బండిలో 4.4 లీటర్ల వీ8ను 339 హార్స్‌పవర్‌కు పెంచి ఇచ్చారు. వందకు 6.9 సెకన్లు. టార్క్ మొదట 700, తర్వాత 740. మన దేశంలోనూ రెండూ అమ్ముడయ్యాయి. వీ6 బండి బరువు 2,160 కిలోల నుంచి మొదలైతే, వీ8ది 2,360. అంటే నాలుగు సిమెంటు బస్తాలు అదనంగా వేసుకుని తిరిగినట్టు. అందులో ఎక్కువ భాగం ముందు ఇరుసు మీదే పడుతుంది.

ఈ బరువును లెక్కలోకి తీసుకుంటే తేడా ఎలా మారుతుందో చూద్దాం. టన్నుకు ఎంత టార్క్ అని లెక్కేస్తే వీ6కు 278, తొలి వీ8కు 297. వందకు ఏడు తేడా. టన్నుకు హార్స్‌పవర్ మాత్రం 119కి 144. వందకు ఇరవైకి పైనే తేడా. అర్థమేమిటంటే, మామూలుగా నడుపుతున్నంతసేపు రెండూ అన్నదమ్ముల్లా ఉంటాయి. పెడల్ నేలకు ఆనించి ఇంజిన్‌ను పైవేగాల్లోకి తీసుకెళ్లినప్పుడే వీ8 ముందుకు దూకుతుంది. ఎక్స్‌ప్రెస్ వేలో ఓవర్‌టేక్ చేసే పది సెకన్ల కోసం మిగతా రోజంతా 200 కిలోలు మోయాలన్నమాట. కార్బన్ డయాక్సైడ్ కిలోమీటరుకు వీ6 196 గ్రాములు వదిలితే, వీ8 229 వదిలేది.

వీ8 వైపు చెప్పుకోవాల్సిన మాటలు రెండున్నాయి. ఒకటి, దాని నడక. నాలుగు స్ట్రోకుల వీ8లో క్రాంక్ తిరిగిన ప్రతి 90 డిగ్రీలకూ ఒక సిలిండర్ మండుతుంది, ఆరు సిలిండర్లలో 120 డిగ్రీలకు ఒకటి. దెబ్బ దెబ్బకూ మధ్య ఖాళీ తగ్గేకొద్దీ చప్పుడు గుండ్రంగా వినిపిస్తుంది. రెండోది, ట్రైలర్ లాగేవాళ్లకు దాని నిబ్బరం. యూరప్‌లో మూడున్నర టన్నుల ట్రైలర్, గుర్రాల బండి, పడవ లాగేవాళ్లకు వీ8 విలువ తెలుసు. మన దగ్గర ఆ అవసరం ఎంతమందికి ఉంది?

300 చాలదా?

2020లో వీ6, వీ8 డీజిళ్లు రెండింటికీ సెలవిచ్చి, వాటి చోట ఒకే ఇంజిన్ తెచ్చారు. ఇంగ్లండ్‌లోని వుల్వర్‌హాంప్టన్‌లో సొంత ఫ్యాక్టరీలో తయారయ్యే ఇంజీనియం కుటుంబంలోని 3 లీటర్ల వరుస ఆరు. దానికి 48 వోల్టుల మైల్డ్ హైబ్రిడ్ సాయం. బండి కదిలేటప్పుడు చిన్న మోటారు ఒక చెయ్యి వేస్తుంది, బ్రేకు వేసినప్పుడు కరెంటు వెనక్కి తీసుకుంటుంది. ఈ ఒక్క ఇంజిన్‌నే రెండు స్థాయిల్లో అమ్మారు. డీ300 అంటే 300 హార్స్‌పవర్, 650 న్యూటన్ మీటర్లు. డీ350 అంటే 350 హార్స్‌పవర్, 700 న్యూటన్ మీటర్లు.

షోరూంలో ఈ రెండింటి మధ్య తేడా 50 గుర్రాలని చెబుతారు. నిజమే, కానీ ఆ 50 దొరికేది ఇంజిన్ నిమిషానికి 4,000 సార్లు తిరుగుతున్నప్పుడు. అంత వేగానికి మనం ఎన్నిసార్లు వెళ్తాం? ఈ బండి వంద కిలోమీటర్ల వేగంతో పై గేరులో వెళ్తున్నప్పుడు ఇంజిన్ తిరిగేది 1,500 చుట్టుపక్కలే. హార్స్‌పవర్ అంటే టార్క్‌ను ఇంజిన్ వేగంతో గుణించగా వచ్చేదే కాబట్టి లెక్క కట్టి చూడొచ్చు. 1,500 దగ్గర డీ300 ఇవ్వగలిగేది 139 హార్స్‌పవర్, డీ350 ఇవ్వగలిగేది 149. తేడా పది. 2,500 దగ్గర 231కి 249. తేడా పద్దెనిమిది. నూటికి తొంభై పాళ్లు బండి తిరిగేది ఈ రెండు వేగాల మధ్యే. ఆ పరిధిలో కళ్లకు గంతలు కట్టి కూర్చోబెడితే ఏది 300, ఏది 350 అన్నది పోల్చుకోవడం అనుభవమున్న డ్రైవర్‌కు కూడా కష్టం.

కాబట్టి రెండూ అమ్మే దేశాల్లో డీ300 తీసుకున్నవాళ్లు పోగొట్టుకునేది ఓవర్‌టేక్‌లో చివరి దూకుడు మాత్రమే. మన దేశంలో కొత్త రేంజ్ రోవర్‌కు డీజిల్ అంటే డీ350యే కాబట్టి ఈ చర్చ ఇక్కడ అక్కరలేదు. 2024 మేలో పుణె ఫ్యాక్టరీలో రేంజ్ రోవర్ కూర్పు మొదలైంది. బ్రిటన్ బయట ఈ బండి తయారవడం అదే మొదటిసారని కంపెనీ చెప్పింది. అప్పుడు ప్రకటించిన రెండు రకాల్లో డీజిల్ హెచ్‌ఎస్‌ఈ ధర 2.36 కోట్లు, పెట్రోల్ ఆటోబయోగ్రఫీ ధర 2.60 కోట్లు, ఎక్స్‌షోరూం.

బురదలో ఎవరు గొప్ప?

పెద్ద ఇంజిన్ ఉంటేనే కొండలెక్కుతుందన్న నమ్మకం మనవాళ్లలో గట్టిగా ఉంది. ఈ బండి విషయంలో అది నిలబడదు. చిన్న లెక్క చాలు.

మొదటి గేరు ఇంజిన్ టార్క్‌ను నాలుగున్నర రెట్లకు పైగా పెంచుతుంది. లో రేంజ్ మీట నొక్కితే దాన్ని ఇంకో 2.93 రెట్లు పెంచుతుంది. డిఫరెన్షియల్ దగ్గర మరో మూడు రెట్లకు పైగా. మూడూ గుణిస్తే చక్రాల దగ్గరికి చేరేసరికి దాదాపు నలభై రెట్లు. ఇంజిన్ తన శక్తిలో మూడో వంతు కూడా పెట్టకుండా 200 న్యూటన్ మీటర్లే ఇచ్చినా, చక్రాల దగ్గర 8,000 ఉంటుంది. ఇప్పుడు టైర్ల వైపు నుంచి చూడండి. రెండున్నర టన్నుల బండి, 40 సెంటీమీటర్ల వ్యాసార్థమున్న చక్రాలు, పొడి తారు రోడ్డు. అంతటి మంచి నేల మీద కూడా నాలుగు టైర్లూ కలిసి జారకుండా భరించగలిగేది సుమారు 8,000. మారేడుమిల్లి అడవి దారిలో వాన వెలిసిన ఎర్రమట్టి మీద అందులో సగం దొరికితే అదృష్టం.

అంటే లో రేంజ్‌లో 650 ఉన్న ఇంజినూ, 740 ఉన్న ఇంజినూ రెండూ అవసరానికి మించినవే. అక్కడ గెలిపించేది మంచి టైరు, చక్రాల మధ్య బలాన్ని పంచే డిఫరెన్షియల్ లాక్, ఎత్తు పెంచే గాలి సస్పెన్షన్, డ్రైవర్ పాదం. డీజిల్ వల్ల కలిగే అసలు లాభం ఆ పాదానికే. ఇంజిన్ నెమ్మదిగా తిరుగుతూనే నిండుగా లాగుతుంది కాబట్టి బండిని అంగుళం అంగుళం నడిపించొచ్చు. ఈ సుగుణం వీ6కూ ఉంది, వీ8కూ ఉంది, వరుస ఆరుకూ ఉంది. ఇంకా చెప్పాలంటే ముందు తేలికగా ఉన్న బండే మెత్తటి నేలలో ముక్కు దించకుండా పోతుంది. 900 మిల్లీమీటర్ల లోతు నీళ్లలో వెళ్లగల సామర్థ్యం కూడా ఇంజిన్‌ను బట్టి వచ్చింది కాదు, గాలి పీల్చే గొట్టం ఎత్తును బట్టి వచ్చింది.

నడక మెత్తదనంలో మాత్రం ఇంజిన్ల మధ్య తేడా నిజం. వరుసగా ఆరు సిలిండర్లు పేర్చిన ఇంజిన్‌లో పిస్టన్ల ఊపులు ఒకదాన్నొకటి చంపుకుంటాయి. వీ6లో ఆ పొందిక సహజంగా రాదు, ఇంజిన్ ముందూ వెనకా ఊగే గుణాన్ని రబ్బరు మౌంట్లతో కప్పిపుచ్చాలి. బీఎండబ్ల్యూ వదలకుండా పట్టుకున్నదీ, మెర్సిడెస్ మళ్లీ చేరుకున్నదీ, ల్యాండ్ రోవర్ 2020లో తిరిగొచ్చిందీ ఆ వరుస ఆరు దగ్గరికే. వీ8 గంభీరత కోల్పోయామని బాధపడేవాళ్లకు ఇది పూర్తి ఓదార్పు కాకపోయినా, వీ6 ఓనర్లకు మాత్రం ఇది కచ్చితంగా పై మెట్టు.

సైలెన్సర్ ముందున్న చిక్కు

ఇక బ్రోషర్లలో చిన్న అక్షరాల్లో ఉండే విషయానికొద్దాం. మన దేశంలో 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్6 కాలుష్య నిబంధన అమల్లోకి వచ్చింది. డీజిల్‌లో గంధకం 50 నుంచి 10 పీపీఎంకు తగ్గింది. దాంతోపాటు బండిలో రెండు పరికరాలు తప్పనిసరి అయినట్టే. మసిని పట్టే డీపీఎఫ్ ఒకటి. నైట్రోజన్ ఆక్సైడ్లను విరగ్గొట్టడానికి డీఈఎఫ్, అంటే యూరియా కలిపిన నీళ్లు, చిమ్మే ఏర్పాటు రెండోది.

డీపీఎఫ్‌లో చేరిన మసిని అప్పుడప్పుడు కాల్చేయాలి. దానికి 600 డిగ్రీల దాకా వేడి కావాలి. హైవే మీద అరగంట ఆగకుండా వెళ్తే ఆ పని దానంతటదే జరిగిపోతుంది. జూబ్లీహిల్స్ నుంచి మాదాపూర్‌కు ఆరు కిలోమీటర్లు సిగ్నల్ సిగ్నల్‌కూ ఆగుతూ వెళ్లి, సాయంత్రం అలాగే తిరిగొచ్చే బండికి ఆ వేడి ఎక్కడొస్తుంది? ఇంజిన్ తనంతట తాను ప్రయత్నిస్తుంది. వేడి పుట్టించడానికి అదనంగా డీజిల్ చిమ్ముతుంది. అది సగంలో ఉండగానే మీరు ఆఫీసు చేరి బండి ఆపేస్తారు. కాలని డీజిల్ కొంత సిలిండర్ గోడల మీదుగా దిగి ఇంజిన్ ఆయిల్‌లో కలుస్తుంది. ఇలా పదే పదే జరిగితే ఆయిల్ పలచబడి బేరింగుల మీద పొర తెగుతుంది. డ్యాష్‌బోర్డు మీద మసి దీపం వెలిగేది చివర్లో, నష్టం మొదలయ్యేది చాలా ముందు.

ఈ విషయంలో 300, 350, వీ6 అన్న తేడా లేదు. పెద్ద ఇంజిన్ చిన్న దూరాలకు ఇంకా ఆలస్యంగా వేడెక్కుతుంది కాబట్టి వీ8కు ఇబ్బంది కాస్త ఎక్కువే. వారానికి ఒక్కసారైనా అవుటర్ రింగ్ రోడ్డు ఎక్కి ఒక నలభై నిమిషాలు ఏకబిగిన నడపగలిగితే సమస్య సగం తీరినట్టే. అదీ కుదరని ఓనరుకు ఏ డీజిలూ తగినది కాదు. అలాంటివాళ్లు పెట్రోల్ తీసుకోవడం మేలు.

పొగ మీద కోపం చట్టంలోకి కూడా వచ్చింది. 2015 సెప్టెంబరులో డీజిల్ పొగ పరీక్షల్లో ఫోక్స్‌వాగన్ మోసం బయటపడ్డాక యూరప్‌లో డీజిల్ పరువు పోయింది. అదే ఏడాది డిసెంబరులో సుప్రీంకోర్టు ఢిల్లీ ప్రాంతంలో 2,000 సీసీ దాటిన డీజిల్ బళ్ల రిజిస్ట్రేషన్ ఆపేసింది. 2016 ఆగస్టులో ఒక శాతం హరిత సెస్సుతో ఆ నిషేధం ఎత్తేసింది. పదేళ్లు నిండిన డీజిల్ బళ్లు ఢిల్లీలో తిరగకూడదని అప్పట్లో వచ్చిన నియమం వేరే. దాని ఫలితం హైదరాబాద్, విజయవాడ సెకండ్ హ్యాండ్ మార్కెట్లలో కనిపిస్తుంది.

పాతది కొనేవాళ్లకు

ఢిల్లీ నుంచి ఎన్‌ఓసీతో దిగే పాత రేంజ్ రోవర్ల ధర చూస్తే ఎవరికైనా నోరూరుతుంది. కొత్త మధ్యతరగతి ఎస్‌యూవీ ధరకే ఒకప్పటి కోటిన్నర బండి. ఇక్కడ కట్టాల్సిన లైఫ్ ట్యాక్స్ కలిపి చూసుకున్నాకే బేరానికి దిగాలి. ఆ తర్వాత ఏ ఇంజిన్ అన్న ప్రశ్న.

3 లీటర్ల వీ6 డీజిల్‌కు పేరున్న బలహీనత ఒకటుంది. కొన్ని ఇంజిన్లలో క్రాంక్ బేరింగ్ తిరిగిపోవడం, క్రాంక్ షాఫ్టే విరిగిపోవడం. ముందుగా చెప్పి రాదు. వస్తే ఇంజిన్ మార్చడమే. అన్ని ఇంజిన్లకూ ఇలా జరగదు, లక్ష కిలోమీటర్లు దాటి చక్కగా తిరిగినవి చాలా ఉన్నాయి. కానీ ఆయిల్ మార్పిడిలో అశ్రద్ధ చేసిన బండి దగ్గరికి పోకపోవడం మంచిది. టైమింగ్ బెల్టు మార్చారో లేదో కూడా అడగాలి. వీ8లో బెల్టు బదులు గొలుసు ఉంటుంది, క్రాంక్ విషయంలో కూడా దానికి మంచి పేరే ఉంది. నిక్కచ్చిగా చెప్పాలంటే ఆ తరంలో ఒళ్లు గట్టిది వీ8. కానీ దాని టర్బోలు, చుట్టూ ఉన్న గొట్టాలు చెయ్యి దూరని చోట ఉంటాయి. సామాను ఖర్చు కంటే విప్పి బిగించే కూలీ భయపెడుతుంది.

చూడాల్సింది సర్వీసు చరిత్ర. మీటర్ మీద కిలోమీటర్లు తక్కువున్నాయని మురిసిపోకండి. ఏడాదికి మూడు వేల కిలోమీటర్లు ఊళ్లోనే తిరిగిన బండి కంటే, ఇరవై వేలు హైవే మీద తిరిగిన బండి ఇంజిన్ లోపల శుభ్రంగా ఉండే అవకాశం ఎక్కువ. రాత్రంతా ఆపి ఉంచిన బండిని పొద్దున్నే మీ కళ్లముందు స్టార్ట్ చేయించండి. అమ్మేవాడు ముందే వేడెక్కించి పెట్టాడంటే ఏదో దాస్తున్నాడనే అనుకోవాలి. డిప్ స్టిక్ తీసే ఏర్పాటు ఉంటే ఆయిల్ మట్టం గీత దాటి ఉందేమో చూడండి. మట్టం పెరిగి ఉంటే అది డీజిల్ కలవడం వల్లే కావచ్చు.

పక్కవాళ్లు ఎక్కడున్నారు?

ఈ మార్పు ఒక్క ల్యాండ్ రోవర్‌ది కాదు. టయోటా 2021లో ల్యాండ్ క్రూజర్ 300కు 4.5 లీటర్ల వీ8 డీజిల్ తీసేసి 3.3 లీటర్ల వీ6 పెట్టింది. 309 హార్స్‌పవర్, 700 న్యూటన్ మీటర్లు. మెర్సిడెస్ జీ 400డీలో 2.9 లీటర్ల వరుస ఆరు. 330 హార్స్‌పవర్, అక్కడా 700. తర్వాత వచ్చిన జీ 450డీ 367 హార్స్‌పవర్, 750. డీ350 కూడా 700 దగ్గరే ఉంది. మూడు దేశాల ఇంజనీర్లు, మూడు వేర్వేరు దారుల్లో బయల్దేరి, ఇంచుమించు ఒకే ఘనపరిమాణం, ఒకే టార్క్ దగ్గర కలిశారు. రెండున్నర టన్నుల బండికి ఆ కొలత సరిపోతుందని ఇంతకంటే పెద్ద సాక్ష్యం అక్కర్లేదు. వీటిలో ఏది కొనాలన్నది ఇంజిన్‌ను బట్టి తేలే మాట కాదు. నమ్మకానికి, మారుమూల మరమ్మతుకు ల్యాండ్ క్రూజర్. కఠినమైన దారికి, దర్జాకు జీ-క్లాస్. లోపల కూర్చున్నవాళ్ల సుఖానికి రేంజ్ రోవర్.

చివరికి తేలేది

మొదటి ప్రశ్నకు తిరిగొచ్చి లెక్కేద్దాం. ఇటీవలి ఏళ్లలో హైదరాబాద్‌లో డీజిల్ లీటరు 95 రూపాయల పైచిలుకు, పెట్రోలు 107 పైచిలుకు. డీజిల్ బండి లీటరుకు పది, పెట్రోల్ బండి ఏడున్నర కిలోమీటర్లు ఇస్తాయనుకుంటే కిలోమీటరుకు తేడా ఐదు రూపాయల లోపే. ఏడాదికి పది వేల కిలోమీటర్లు తిరిగినా మిగిలేది యాభై వేల లోపు. ఇంత ఖరీదైన బండికి ఇన్సూరెన్స్ ప్రీమియమే అంతకు ఎన్నో రెట్లు. కాబట్టి డబ్బు ఆదా కోసం డీజిల్ అనడం ఈ తరగతిలో అర్థంలేని మాట. డీజిల్ ఇచ్చేది దూరం. ఎనభై లీటర్ల ట్యాంకు హైదరాబాద్‌లో నింపితే విశాఖ చేరాక కూడా ఇంధనం మిగిలే ఉంటుంది. మరొకటి, పెడల్‌ను నొప్పించకుండానే నిండుగా లాగే ఆ పుల్లింగ్.

నెలకు రెండు మూడుసార్లయినా జిల్లాలు దాటే ప్రయాణాలు చేసేవాళ్లకు, పొలాలు, గనులు, ఎస్టేట్ల మధ్య తిరిగేవాళ్లకు డీజిలే సరైనది. విదేశాల్లో ఉండి రెండింటిలో ఎంచుకునే వీలున్న తెలుగువాళ్లు డీ300 తీసుకుని, మిగిలిన డబ్బు మంచి టైర్ల మీద పెడితే నష్టపోయేదేమీ లేదు. ఇక్కడ కొత్తది కొనేవాళ్లకు డీ350లో లోటేమీ లేదు, అదనపు 50 గుర్రాలు బోనస్ అనుకోవాలి. పాతది కావాలనుకుంటే చరిత్ర తెలిసిన వీ8, లేదా చరిత్ర తెలిసిన వీ6. చరిత్ర తెలియని ఏ ఇంజినూ చవక కాదు. ఊరు దాటని బండి కావాలనుకుంటే పెట్రోల్, ఓపిక ఉంటే విద్యుత్ రేంజ్ రోవర్ కోసం ఆగడం. ఆ తరగతి ఓనర్లే మన నగరాల్లో ఎక్కువ. డీజిల్ బుక్ చేసేముందు గత నెలలో మీ బండి నగరం బయట ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో డ్రైవర్‌ను అడగండి. సేల్స్‌మన్ చెప్పే అంకెల కంటే ఆ ఒక్క అంకె ఎక్కువ పనికొస్తుంది.